ఓరుగల్లు ఎడ్లబండి ఆత్మకథ

నేనొక ఎడ్లబండిని. నా నొగలు ములుగు అడవుల టేకు. నా చక్రములు నల్లతుమ్మ. వడ్రంగి నడిమి దిమ్మకు ఆకులు దిగగొట్టిన పిమ్మట, కమ్మరి ఎఱ్ఱగా కాల్చిన ఇనుపపట్టాను తొడిగి, బుస్సుమని పొగలెగయునట్లు నీళ్లు చల్లి బిగించిన దినమే నా జన్మదినము.

మా జాతి నడక గంటకు మూడు నాలుగు కి.మీ. మించదు. వరంగల్లునుండి హైదరాబాదు 140 కి.మీ. పైచిలుకు. ఘనపురము, జనగామ, ఆలేరు, భువనగిరి దాటుచు, ఎండ ముదిరినంతనే ఎడ్లను విప్పి చెఱువుగట్టున మేపుచు, వెన్నెల రాత్రులందు ఇరుసునకు కందెన పూసి మరల కాడి కట్టుచు పోయినను, నగరము చేరుటకు ఐదాఱు దినములు పట్టెడిది. 1309 చివర ఢిల్లీ విడిచిన సుల్తాను సేనాని మాలిక్ కాఫూరు సేన, కాకతీయ రాజు ప్రతాపరుద్రుని ఓరుగల్లు కోటముందు నిలుచుసరికి 1310 జనవరి వచ్చెను. సేన యెంతటిదైనను సామాను మోయు పశువులను మించి పరుగెత్తజాలదు గదా!

1886లో సికింద్రాబాదునుండి పొగబండి మా ఊరికి వచ్చెను; 1932లో నైజాము రైల్వేవారు 27 బస్సులతో రాకపోకలు ప్రారంభించిరి. నేడు కాజీపేటలో రైలెక్కినవాడు ఒక పగలు, ఒక రాత్రి గడచుసరికి దాదాపు ఢిల్లీలో నుండును.

కొట్టములో మూలబడియున్న నన్ను చూచి పట్టణమునుండి వచ్చిన చుట్టములు "ఆ కాలమే కాలము" అని నిట్టూర్తురు. నేనొప్పుకొనను. ఒక శ్రావణమాసపు రాత్రి, పురిటినొప్పులు పడుచున్న ఇల్లాలిని వరిగడ్డిపై పరుండబెట్టుకొని, గొంగళి కప్పుకొన్న అత్తగారు తోడు రాగా, ఆసుపత్రికి బయలుదేరితిని. రేగడిలో చక్రము ఇరుసువఱకు దిగబడెను. యజమాని భుజము పెట్టి నెట్టెను. ఎడ్లు మోకాళ్లపై కూలబడెను. తెల్లవారి ఆసుపత్రి గుమ్మము చేరుసరికి ఆ తల్లి ప్రాణము నిలువలేదు. అదే బాటలో ఇప్పుడు 108 వాహనము అరగంటలో పోవుచున్నది.

నాయనలారా, మేడారము జాతరకు పిల్లాపాపలతో, బంగారమని పిలుచు మ్రొక్కుబెల్లముతో, వండుకొను కుండలతో పోవలెనని ముచ్చటపడుదురేని నా కాడి కట్టుడు, సంతోషముగా మోసికొనిపోవుదును. ప్రాణము మీదికి వచ్చినపుడు మాత్రము నన్ను తలంపకుడు.