పార్కు పతంజలి

రిటైరయ్యే దాకా ఆయన్ని అందరూ సూపరింటెండెంటు గారనేవారు. రిటైరయ్యాక గురువుగారయ్యారు. ఈ రెంటికీ మధ్య జరిగిందల్లా ఒక తెల్ల లాల్చీ, భుజాన వేలాడే మైకు, మునిసిపల్ పార్కులో వేపచెట్టు కింద ఓ సిమెంటు అరుగు. ఉత్తరాంధ్రలో ఏ పట్నానికి వెళ్లినా ఆ అరుగుంటుంది, దాని మీద ఆయనుంటారు.

పొద్దున్న అయిదున్నరకి క్లాసు. సూర్యనమస్కారంలో భంగిమలు 12. మొదటిదీ చివరిదీ చేతులు జోడించి నిటారుగా నిలబడడమే. ఆ రెండూ గురువుగారు స్వయంగా చేసి చూపిస్తారు. మధ్యలో పదీ శిష్యులకి వదిలేస్తారు. "అన్నీ నేనే చేసేస్తే మీకేం మిగుల్తుందర్రా?" అంటారు.

ఆయన నడుం వంగదని పార్కులో అందరికీ తెలుసు. ఆయన చేతిలో వంగేది శాస్త్రం. కొత్తగా చేరిన కుర్రాడొకడు, "గురువుగారూ, పశ్చిమోత్తానాసనం ఒక్కసారి మీరు చేసి చూపిస్తే..." అని నసిగాడు. ఆయన కళ్లు మూసుకున్నారు. "నాయనా, పతంజలి సూత్రాలు రెండొందలకి నాలుగైదు తక్కువ. వాటిలో ఆసనం గురించి చెప్పినవి మూడే మూడు. స్థిరంగా, సుఖంగా ఉండమన్నాడు మహానుభావుడు. ఉన్నాను కదా!"

మర్నాడు ఫిజియోథెరపీ చదివే అమ్మాయి రెండరచేతుల మీద ఒళ్లంతా నిలిపి మయూరాసనం వేసింది. జనం చప్పట్లు కొట్టారు. గురువుగారు చిరునవ్వు నవ్వి, "బాగుందమ్మా. హఠయోగ ప్రదీపికలో ఆసనాలు 15, ఘేరండ సంహితలో 32. నువ్వింకా ఒకదాని దగ్గరే ఉన్నావు" అన్నారు. నిన్న మూడు సూత్రాలతో సరిపెట్టిందీ ఆ నోరే.

చాప మీద కూర్చుంటే లేవడానికి ఇద్దరు పట్టాలి గనక ప్లాస్టిక్ కుర్చీ తెప్పించుకున్నారు. ఎవరూ అడక్కుండానే, "అయ్యంగార్ గారు కుర్చీ, బెల్టు, చెక్కదిమ్మ పెట్టి ప్రపంచానికి యోగం నేర్పారు. ఆలంబన వద్దనడం అహంకారం" అని సెలవిచ్చారు.

ఇక బలం. ఆ అధ్యాయం సాయంత్రం, వాళ్లింటి వరండాలో, కోడి రామ్మూర్తి నాయుడు గారితో మొదలవుతుంది. వీరఘట్టంలో పుట్టి, గుండెల మీద ఏనుగును నిలబెట్టుకుని, ఊపిరి బిగించి ఇనప గొలుసులు తెంపిన ఆ కలియుగ భీముడి రహస్యమంతా ప్రాణాయామంలోనే ఉందని చెబుతారు. కథలో ఏనుగు కాలెత్తే సమయానికి వెనక గరగరమని చప్పుడు. అమ్మగారు గ్యాసు సిలిండరును ఒంటిచేత్తో వంచి దొర్లించుకొస్తున్నారు. లోపలి గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపితే దాదాపు 30. "ఏవండీ, కాస్త కాళ్లు తీయండి" అంటారావిడ. గురువుగారు కాళ్లు కుర్చీలోకి లాక్కుంటారు. ఆ పూటకి ఆయన వేసిన ఆసనం అదే.

ఇంతా చేసి శిష్యులు ఒక్కరూ తగ్గరు. వానొచ్చినా, పండగైనా ఆయన మాత్రం అయిదున్నరకి అరుగు మీద ఉంటారు. షుగరున్న లెక్కల మాస్టారు రెండ్రోజులు కనబడకపోతే మూడోరోజు మాస్టారి గేటు దగ్గర మైకు మోగుతుంది. పరువు పోతుందని మాస్టారు బనీనుతోనే పరిగెత్తుకొస్తారు. ఆ మాస్టారి షుగరు తగ్గిన మాట నిజం. తాను వంగకుండా ఊరిని వంచడానికి వేరే కండరం ఏదో కావాలి, అది ఆయనకి పుష్కలం.

జూన్ 21, యోగా దినోత్సవం వచ్చింది. ఐక్యరాజ్యసమితి 2014లో ఆ తీర్మానం చేసింది తన కోసమేనని గురువుగారి ప్రగాఢ విశ్వాసం. బ్యానరు కట్టారు. 45 నిమిషాల కార్యక్రమానికి మంత్రిగారు గంట ఆలస్యంగా వచ్చారు. కారు తలుపు తెరుచుకుంది. అంతే, గురువుగారు నిలువునా వంగారు! అరచేతులు రెండూ మంత్రిగారి బూట్లకి చెరోపక్కన, నుదురు మోకాళ్లకి ఆని, అచ్చమైన పాదహస్తాసనం.

ఫిజియోథెరపీ అమ్మాయి నోరు తెరిచింది. "మోకాళ్లు కూడా మడవలేదు! ఎలా గురువుగారూ?"

ఆయన లాల్చీ దులుపుకుంటూ లేచారు. ఎవరూ పట్టలేదు.

"ముందే చెప్పానుగా తల్లీ, సరైన ఆలంబన దొరకాలి."