అమ్మ కిడ్నీ, నా అతితెలివి

నా ఒంట్లో పనిచేస్తున్న కిడ్నీ మా అమ్మది. దాన్ని నా చేతులతో నేనే పాడుచేసుకోబోయాను. మందసలో ఉండి ఈ మాట ఒప్పుకోవడం తేలిక కాదు. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు, పలాస... ఉద్దానంలో ఎటు వెళ్లినా డయాలసిస్ రోజు కోసం చూసుకుంటూ బతికేవాళ్లు కనిపిస్తారు. ఈ కిడ్నీ జబ్బుకు మూలం ఫలానా అని ఇప్పటికీ తేలలేదు. ఇచ్చేవాళ్లు లేకో, ఇచ్చినా సరిపడకో, డబ్బు చాలకో మార్పిడి దాకా రాలేని వాళ్లు మా చుట్టూ ఎందరో. నాకు దొరికింది. దొరికాక నేను చేసింది ఇదీ.

మార్పిడి అయ్యాక ఆకలి వేస్తోంది, నిద్ర పడుతోంది, కాళ్ల వాపు పోయింది. అవి కరోనా రోజులు. రోగనిరోధక శక్తి పెంచుకోవాలన్నదే అందరి నోటా మాట. నా మాత్రలేమో ఆ శక్తిని అణిచేవి. ఒంట్లో బలం తగ్గించుకుని ఎవరైనా బాగుపడతారా అనుకున్నాను. పైగా అమ్మ కిడ్నీయే కదా, నా ఒళ్లు కాదంటుందా? ఆ మాత్రల్లో ఒకటైన టాక్రోలిమస్ సాయంత్రం డోసు మానేశాను. ఏమీ కాలేదు. పొద్దుటిదీ మానేశాను. కంచెకు పాకిన తిప్పతీగ తెంపుకొచ్చి కషాయం కాచుకున్నాను. మాత్ర వేసుకున్నావా అని అమ్మ అడిగితే వేసుకున్నానని అబద్ధమాడాను.

నేను హాయిగా తిరుగుతున్న ఆ రోజుల్లో, రోగనిరోధక వ్యవస్థలో భాగమైన నా టీ కణాలు కూడా తిరుగుతున్నాయి. అవి ఎముక మజ్జలో పుట్టి, గుండెకు పైన ఉండే థైమస్ గ్రంథిలో శిక్షణ పొందుతాయి. సొంత ఒంటి మీదికే వచ్చేవాటిని చాలామట్టుకు ఒళ్లు అక్కడే ఏరిపారేస్తుంది. అయితే తల్లి కణజాలపు గుర్తుల్లో బిడ్డకు వచ్చేది సగమే. మిగతా సగం నా థైమస్ ఎరగదు.

థైమస్ దాటిన టీ కణం ఒకచోట ఉండదు. నెత్తురులోంచి మెడలో, చంకలో, గజ్జల్లో, పొట్టలో ఉండే శోషరస గ్రంథుల్లోకి దూరుతుంది. కొన్ని గంటలు, ఒక్కోసారి రోజంతా అక్కడ వెతుకుతుంది. తనకు సంబంధించినదేదీ తగలకపోతే శోషరసంతో బయటపడి, ఛాతీలోని పెద్ద నాళం గుండా మళ్లీ నెత్తురులో కలుస్తుంది. ఈ ప్రదక్షిణను 1950ల చివర్లో, 60ల మొదట్లో ఆక్స్‌ఫర్డ్‌లో జేమ్స్ గోవాన్స్ ఎలుకల మీద ప్రయోగాలతో నిరూపించాడు. అప్పటిదాకా రోజూ నెత్తురులోకి వచ్చి పడే అన్ని లింఫోసైట్లు (టీ కణాలు ఈ జాతివే) ఏమైపోతున్నాయో ఎవరికీ అంతుపట్టలేదు.

అమ్మ కిడ్నీ తాలూకు ముక్కలను డెండ్రిటిక్ కణాలు ఆ గ్రంథులకు మోసుకొస్తాయి. కోట్ల టీ కణాల్లో సరిపడేది ఒకటి వచ్చి తగిలితే చాలు, అది వేల సంఖ్యలో పెరుగుతుంది. పెరిగిన గుంపు నెత్తురులో పడి, వాచిన కిడ్నీ నాళాల దగ్గర వేగం తగ్గించి, గోడకు దొర్లుతూ అతుక్కుని, సందుల్లోంచి లోపలికి చొరబడుతుంది. పెరగమనే సంకేతాన్ని అణిచేదే టాక్రోలిమస్. 1984లో జపాన్‌లో, త్సుకుబా ప్రాంతపు మట్టిలోని ఒక సూక్ష్మజీవిలో దొరికిన మందు. నేను మానేసింది దాన్ని.

నొప్పి లేదు. జ్వరం లేదు. మామూలు రక్తపరీక్షలో, కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ పెరిగి కనిపించింది. విశాఖలో బయాప్సీ చేసి, డాక్టరమ్మ "మందులు మానేశారా?" అని సూటిగా అడిగారు. అమ్మ పక్కనే ఉంది. తల ఊపాను. తిప్పతీగ సంగతీ చెప్పాను. మార్పిడి చేయించుకున్నవాళ్లు అడగకుండా ఏ ఆకూ వేరూ తీసుకోకూడదని గట్టిగా అన్నారు.

అమ్మ ఆసుపత్రి వరండాలోకి వచ్చాక అంది: "నాకాడ ఇంకొకటే ఉందిరా నాన్నా."

స్టెరాయిడ్ ఇంజెక్షన్లతో కిడ్నీ నిలిచింది గానీ క్రియాటినిన్ మునుపటి అంకెకు దిగలేదు. ఆ కిడ్నీని ఎరిగిన టీ కణాల్లో కొన్ని జ్ఞాపక కణాలుగా ఏళ్ల తరబడి ఒంట్లో మిగిలిపోతాయట. అందుకే ఇప్పుడు నాకు డోసు పెంచారు. నెత్తురులో మందు ఎంతుందో చూసే పరీక్ష ఉన్న పొద్దున నెత్తురు తీసేదాకా మాత్ర వేసుకోను, తీయగానే అక్కడే వేసుకుంటాను. డయాలసిస్ సెంటర్లో మార్పిడికి సిద్ధమవుతున్న కుర్రాళ్లు కనిపిస్తే, అడక్కపోయినా కూర్చోబెట్టి ఇదంతా చెబుతున్నాను, అమ్మతో ఆడిన అబద్ధంతో సహా.