ఫ్యాన్‌బెల్టు పద్యం: టీకా, తాత్పర్యం, కొంత తగాదా

తే. కూత వినగానె రేడియో మోత పెంచ
బోక, బానెట్టు పైకెత్తి పూని చూడు;
పగులు గనిపించకున్నను తగదు నమ్మ;
దారి రాసుకొనక విప్ప దారి తప్పు.

అవతారిక: కారుగల గృహస్థు ఒకడు పొద్దున్నే బండి తీస్తాడు. తాళం తిప్పగానే బానెట్టు కిందినుంచి కీచుమని కూత. వీధి మలుపు తిరిగేసరికి అదే సద్దుమణుగుతుంది. ‘చలికి అలాగే అంటుందిలే’ అని సరిపెట్టుకుని పాటలు పెడతాడు. అట్టివాణ్ణి ఉద్దేశించి ఏదో షెడ్డులో పుట్టిన పద్యమిది. కవి పేరు తెలియదు. మెకానిక్కులకు బిల్లు మీద తప్ప సంతకం పెట్టే అలవాటు తక్కువ.

ప్రతిపదార్థం: కూత = బెల్టు జారుచు పెట్టు కీచు శబ్దమును; వినగానె = చెవిని పడిన తక్షణమే (వచ్చే సర్వీసింగుదాకా ఆగక యని భావము); రేడియో మోత = పాటల రొదను; పెంచబోక = హెచ్చింపక; బానెట్టు = ఇంజను మీది రేకు మూతను; పైకెత్తి = లేపి, కడ్డీ ఊతగా నిలిపి (ఇంజను ఆపి, తాళము జేబులో వేసికొని యని అధ్యాహారము); పూని = పట్టుదలతో, టార్చిలైటుతో; చూడు = పరీక్షింపుము; పగులు = నెఱియ; కనిపించకున్నను = కంటబడకపోయినను; నమ్మ తగదు = బెల్టు బాగున్నదని విశ్వసింపరాదు; దారి = బెల్టు ఏ పుల్లీ మీదుగా, దేని కిందుగా పోవునో ఆ మార్గమును; రాసుకొనక = కాగితమున గీసికొనక; విప్ప = ఊడదీసినచో; దారి తప్పు = బెల్టును తప్పును, బండియును తప్పును.

తాత్పర్యం: పై అర్థాలను వరసగా పేర్చుకుంటే అదే తాత్పర్యం. పరీక్షలో రెండు మార్కులకు అది చాలు.

విశేషాలు: మెదకు సీమ కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి, మూలంలో లేనిది ఒక్క ముక్కయినా రాయనని ఒట్టు పెట్టుకుని వ్యాఖ్యానాలు చేశాడు. ప్రస్తుత వ్యాఖ్యాతకు అంత నిగ్రహం లేదు.

ముందు ‘కూత’. కొండమీద పొగ కనబడితే అక్కడ నిప్పుందని తేల్చే తార్కికుడికి ఇది చక్కని అనుమాన ప్రమాణం. కూత ఉన్నచోట జారుడు ఉంది. రాత్రంతా నిలిచిన బండికి సెల్ఫు కొట్టగానే, ఖర్చయిన బ్యాటరీని నింపడానికి ఆల్టర్నేటరు బరువెక్కుతుంది, మంచుకు బెల్టు చెమ్మగిల్లి ఉంటుంది, ఆ రెండింటి మధ్యా అది పుల్లీ మీద జారి అరుస్తుంది. ఏసీ వేసినప్పుడూ, హైడ్రాలిక్ పవర్ స్టీరింగు కొసాకు తిప్పినప్పుడూ అంతే. అయితే ఈ హేతువుకు వ్యభిచారం లేకపోలేదు. ఐడ్లర్ పుల్లీలో బేరింగు ఎండినా దాదాపు ఇలాగే కూస్తుంది. సందేహం తీరాలంటే ప్రయోగం ఒకటుంది: నడుస్తున్న ఇంజను మీద, బెల్టు గాళ్ళున్న వైపు నాలుగు నీటి చుక్కలు పిచికారీ చేయడం. కూత ఇంకా పెరిగితే బిగువు చాలడం లేదు. కాసేపు ఆగి మళ్ళీ మొదలైతే ఏదో పుల్లీ వరస తప్పింది. నీళ్ళకు చలించనే లేదంటే బెల్టును తిట్టడం మాని బేరింగుల సంగతి చూడాలి. ఈ ప్రయోగవేళ చున్నీ, తువ్వాలు, వదులు చేతుల చొక్కా నిషిద్ధం.

ఇక్కడ పూర్వపక్షి లేచి, ‘సబ్బుముక్క రుద్దితే పోయేదానికి ఇంత శాస్త్రమా?’ అంటాడు. పోయేది కూత, జారుడు కాదు. ఇతడూ రేడియో పెంచినవాడూ ఒక బడిలోనే చదివారు.

‘పగులు గనిపించకున్నను’ అన్నది ఈ పద్యానికి ప్రాణం. పాత బెల్టులు నియోప్రీన్ రబ్బరువి. ముసలితనం వాటి ముఖం మీదే కనిపించేది. బెల్టును వెనక్కి మడిచి చూస్తే గాడి గట్ల మీద అడ్డంగా నెఱియలు. మూడంగుళాల మేరలో ఒకే గట్టు మీద మూడు కనిపిస్తే మార్చేయాలని షెడ్డు స్మృతి. 2000 ప్రాంతం నుంచి ఈపీడీఎం అనే రబ్బరు వచ్చి ఆ స్మృతిని దెబ్బతీసింది. అది అంత తేలిగ్గా పగలదు. టైరులా అరుగుతుంది. గట్లు సన్నబడి, గాళ్ళు లోతుదేరి, చివరకు పుల్లీ గట్ల కొసలు బెల్టు గాడి అడుగుకు ఆని కూర్చుంటాయి. గట్టు పక్కలు గాడి పక్కలను ఒరుసుకుని పట్టాల్సిన పట్టు పోతుంది. ఈ అరుగుదల కొలవడానికి చిన్న ప్లాస్టిక్ గేజీ ఉంటుంది. బెల్టు గాడిలో పెట్టి వేలితో తడిమితే, గేజీ గట్ల కన్నా పైకి తగలాలి. కిందికి దిగబడిపోతే బెల్టు పనయిపోయింది. కంటికి మాత్రం అది నిన్నగాక మొన్న కొన్నట్టు నల్లగా నవనవలాడుతూనే ఉంటుంది. చాలా కార్లకు 60,000 నుంచి 1,00,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటారు. సరైన అంకె బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది, దాన్ని గ్లోవ్‌బాక్సులోంచి బయటికి తీసే మాటుంటే.

‘పూని చూడు’ అన్నాడు గాని ఏం చూడాలో చెప్పలేదు. అంచున దారపు పోగులు లేచాయేమో, గట్లు అద్దంలా మెరుస్తున్నాయేమో, ఆయిలు తడి ఉందేమో. వాటర్ పంపు కింద కూలెంటు ఎండి పొరకట్టిందేమో కూడా. ఆ కారుడు ఆపకుండా కొత్త బెల్టు వేయడం డబ్బు దండగ.

ఇక ‘దారి’. అంబాసిడరు, ప్రీమియర్ పద్మినీల నాటి ఫ్యాన్‌బెల్టుకు దారేమిటి? క్రాంకు, ఫ్యాను, డైనమో, ముక్కోణంలో మూడు పుల్లీలు. డైనమో బోల్టు సడలించి, దాన్ని బయటికి లాగి బిగిస్తే బిగువు సిద్ధం. బొటనవేలితో నొక్కితే ఒక సెంటీమీటరో, ఇంకాస్తో దిగాలి. 1917లో డెన్వర్‌లో జాన్ గేట్స్ వీ ఆకారపు రబ్బరు బెల్టు తెచ్చాక చాలాకాలం కథ ఇంతే. పొడవాటి చదును బెల్టు ఒక్కటే పాములా మెలికలు తిరిగి అన్నింటినీ తిప్పడం 1979 ఫోర్డ్ మస్టాంగ్‌తో జనంలోకి వచ్చింది. కనుక ఈ పద్యం అంతకు ముందుది కాదు. ‘రేడియో’ అనే మాట పట్టుకుని దీన్ని అంబాసిడరు యుగానికి జరిపే పండితులకు ఇదే జవాబు.

మెలికల బెల్టు రెండు ముఖాలతోనూ పని చేస్తుంది. గాళ్ళ వైపు ఆల్టర్నేటరును ఒక దిక్కుకు తిప్పితే, నునుపైన వీపు తగిలిన పుల్లీ ఎదురు దిక్కుకు తిరుగుతుంది. చాలా ఇంజన్లలో వాటర్ పంపు అలా వీపు మీదే నడుస్తుంది. దారి తెలియక ఆ పుల్లీని గాళ్ళ వైపు చుట్టారంటే బెల్టు సరిపోయినట్టే కనిపించవచ్చు, కూత కూడా ఉండదు. పంపు మాత్రం వెనక్కి తిరుగుతుంటుంది, ఇంజను కాగుతుంటుంది. ‘దారి తప్పు’ అన్నది ఊరికే యతికోసం పడిన మాట కాదు.

పాఠభేదం: ఆటోనగరు కుర్రవాళ్ళు ‘దారి ఫొటో తీయక’ అని దిద్దారు. భావం మెరుగే, ఈ రోజుల్లో కాగితం ఎవరు వెతుకుతారు? కానీ ‘ఫొటో తీ’ అనగానే య గణం పడుతుంది. ఇంద్ర గణం ఉండాల్సిన చోట అది చెల్లదు. మూలపాఠం అలాగే ఉంచి ఫొటో తీసుకోవడం ఉత్తమం. బానెట్టు లోపల బొమ్మ అంటించిన స్టిక్కరు ఉంటే అదీ చూసుకోవచ్చు.

విప్పే పద్ధతి తేలికే. బెల్టును స్ప్రింగుతో బిగువుగా నొక్కి ఉంచే టెన్షనరు చేతికి పానా తగిలించి స్ప్రింగుకు ఎదురుగా నొక్కి పట్టి, పైన అందే పుల్లీ మీదినుంచి బెల్టు జార్చాలి. అది ఊడాక ప్రతి పుల్లీనీ చేత్తో ఒకసారి తిప్పి చూడాలి. గరగరమన్నదాన్ని అప్పుడే మార్చకపోతే దానికోసం మళ్ళీ ఇదంతా విప్పాలి. కొత్త బెల్టు కొనేటప్పుడు దుకాణంలో కారు పేరు చెబితే చాలదు. ఏసీ ఉన్న బండికీ లేనిదానికీ పొడవు వేరు కావచ్చు. పాతదాని వీపు మీద 6పీకే1750 వంటి అంకె ఉంటుంది: ఆరు గట్లు, 1750 మిల్లీమీటర్ల పొడవు. ఎక్కించాక ఆరు గట్లూ ఆరు గాళ్ళలో కూర్చున్నాయా అని వేలితో తడిమి చూడాలి. ఒక గట్టు పక్కకు వేలాడితే బెల్టు అంచులు త్వరగానే పీలికలవుతాయి.

శంక: టైమింగ్ బెల్టుకూ ఈ పద్యం వర్తించదా? సమాధానం: వర్తించదు. అది మూత వెనక ఉండే పళ్ళ బెల్టు. కూసి చెప్పే అలవాటు దానికి లేదు. తెగితే చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టనుకు కొట్టుకుని వంగుతాయి. దానికి వేరే పద్యం కావాలి, వేరే చెయ్యి కూడా.

విప్పిన పాత బెల్టును ఏం చేయాలో కవి చెప్పలేదు. అవసరానికి పనికొస్తుంది, డిక్కీలో పడేయమని ఒక మతం. ఆ అవసరం నల్లమల ఘాట్‌లో రాత్రిపూట వస్తే టెన్షనరు నొక్కే పానా కూడా డిక్కీలో ఉండాలి. అది ఎవరి డిక్కీలోనూ ఉండదు.