నా ఖాళీ గళ్ళు

నేను డబ్ల్యూ-2 కాగితాన్ని. అమెరికాలో ఉద్యోగి ఏడాది జీతమెంతో, అందులో ఏయే పన్నులు పట్టుకున్నారో చెప్పడం నా పని. 2025 జనవరి ఆఖర్లో ఒక రైలింజను డ్రైవరు ఇంటికి చేరాను. 2024 మధ్యలో ఆయన ఒక రైల్వే కంపెనీ వదిలి మరోదాంట్లో చేరాడు కాబట్టి, నా వెంట ఇంకో కాగితమూ వచ్చింది.

నాలో మూడు నుంచి ఏడు దాకా గళ్ళు ఖాళీ. సోషల్ సెక్యూరిటీ అనే ప్రభుత్వ పింఛను, మెడికేర్ అనే ఆరోగ్య బీమా పన్నుల లెక్కలు రాసే చోటది. రైలు కార్మికుల పద్దు వేరు. మహామాంద్యంలో రైల్వే కంపెనీల పింఛన్లు కుదేలైతే, వాళ్ళకోసం ప్రభుత్వం విడిగా పింఛను పెట్టింది. 1934 నాటి తొలి చట్టాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. 1935, 1937 చట్టాలతో ఆ పింఛను నిలదొక్కుకుంది, 1974 చట్టంతో రెండంచెలైంది. టైర్ 1 సోషల్ సెక్యూరిటీకి సాటి, ఉద్యోగి వంతు 6.2 శాతం. టైర్ 2 దానిమీది అదనపు పింఛను, 4.9 శాతం. ఇలా పట్టుకున్న మొత్తాలన్నీ నా పద్నాలుగో గడిలో ఉంటాయి.

ఒక రాత్రి ఇల్లాలు వంటింటి బల్ల మీద నన్ను పరుచుకుని పన్ను సాఫ్ట్‌వేర్ తెరిచింది. జీతం ఉంది, సోషల్ సెక్యూరిటీ పన్ను లేదు, సరిచూడండి అని ఎర్రటి హెచ్చరిక. పాపం, కంగారుపడి టైర్ 1 అంకెను నాలుగో గడిలో కొట్టేసింది. నాకు గుండె జారిపోయింది. నాలో లేని మాట నా పేరున రాయడమే కదా!

డ్యూటీ దిగొచ్చిన ఆయన చూసి, "తీసెయ్. మాకవి ఖాళీగానే ఉండాలి" అన్నాడు. రైల్వే ఉద్యోగి అనే చోట టిక్కు పెట్టి, టైర్ 1, టైర్ 2, మెడికేర్ మొత్తాలను పద్నాలుగో గడిలో దేనికది పేరుతో నమోదు చేశారు. హెచ్చరిక పోయింది.

ఇంకోటి మిగిలింది, టైర్ 2 మితిమీరిందని. ఇది నిజమే! నాలో 90,000 డాలర్ల మీద 4,410, తోటి కాగితంలో 60,000 మీద 2,940 పట్టుకున్నారు. మొత్తం 7,350. 2024లో ఈ పన్ను 125,100 డాలర్ల జీతం వరకే, అంటే గరిష్ఠం 6,129.90. రెండు కంపెనీలూ ఎవరి లెక్క వాళ్ళు సరిగ్గానే వేశాయి. కలిపి చూసేవాళ్ళే లేకపోయారు. టైర్ 1 ఎక్కువైతే రిటర్నులోనే సర్దుబాటవుతుంది. టైర్ 2 అలా కాదు, 843 ఫారంతో విడిగా అడగాలి. ఒకే కంపెనీ ఎక్కువ పట్టుకుంటే ఆ కంపెనీనే అడగాలి.

వాళ్ళు 1,220.10 డాలర్లకు 843 నింపి, మా ఇద్దరి నకళ్ళు జతచేసి పోస్టు చేశారు. నేను వాళ్ళ సొరుగులో ఉన్నాను, ఖాళీ గళ్ళతోనే.