‘ఈ ఫైలు ప్లే కాదు’ – టీకాతాత్పర్యసహితము

మూలము: “ఈ ఫైలు ప్లే కాదు. దీని రకమునకు సపోర్టు లేకపోయి యుండవచ్చును. ఎక్స్‌టెన్షను తప్పై యుండవచ్చును. ఫైలే చెడిపోయి యుండవచ్చును.”

అవతారిక: మా పినతండ్రిగారి షష్టిపూర్తినాడు బంధువొకరు ఫోనులో తీసి పంపిన ఎంపీ4ను కంప్యూటరున తెఱవబోవ, తెర నడుమ సాక్షాత్కరించినది ఈ గ్రంథము. మూలమున లేనిది వ్రాయనని కోలాచల మల్లినాథసూరి ప్రతిన పట్టెను. రఘువంశము చేత నున్నవానికి అట్టి ప్రతిన చెల్లును గాని, మూలమున నేమియు లేని యిట్టి కృతికి వ్యాఖ్య పూనిన మాబోంట్లకు చెల్లునా?

టీక: ‘ఈ’, ‘ఫైలు’, ‘కాదు’ అనునవి సుబోధములు గాన విడిచితిమి. ‘ఉండవచ్చును’ అను క్రియ ముమ్మాఱు వచ్చుటచే నిట సందేహాలంకారము. దానిని ఆలంకారికులు శుద్ధము, నిశ్చయగర్భము, నిశ్చయాంతము అని మూడు తెఱంగుల విభజించిరి. చెలి మోము గాంచి పద్మమో చంద్రుడో యని తబ్బిబ్బు నొందిన నాయకుడు తుదకు ముఖమేయని తేల్చుకొనిన నిశ్చయాంతము. తేల్చుకొనకయే విడిచిన శుద్ధము. మన గ్రంథకర్త శుద్ధమునే వరించెను. అయినను ఒక భేదము కలదు. నాయకునకు అది ముఖమని తెలిసియే యుండును. ఆ యెఱుగమి నటన, ఆ నటనయే రసమునకు ఆలంబనము. కంప్యూటరునకును తెలిసియే యుండును. రసమెక్కడ?

తెలిసియుండుట యెట్లనిన: ఎంపీ4, ఎంకేవీ, ఏవీఐ అనునవి పాత్రలే గాని పదార్థములు కావు. లోనుండు దృశ్యము తఱచుగా 2003 నాటి హెచ్.264 పద్ధతిని గాని, దాదాపు సగము జాగాలో అంతే తేటదనము నిచ్చు 2013 నాటి హెచ్.265 పద్ధతిని గాని కుదింపబడి యుండును. ధ్వనికి ఏఏసీ, డీటీఎస్ మున్నగునవి వేఱు. కావుననే ఒకచో బొమ్మ యాడుచు మాట వినబడదు. మఱొకచో మంత్రములు వినబడుచు తెర నల్లనై యుండును. ఎక్స్‌టెన్షను మార్చిన బాగగునని సలహా నిచ్చు పెద్దలు కొందఱు కలరు. మాగాయ జాడీపై ఆవకాయ యని చీటీ యంటించిన లోనిది ఆవకాయ యగునా? ఇక చెడిపోవుట యన్నది వినదగిన సంగతి. ఎంపీ4లో ఏ బొమ్మ యెచట నున్నదో తెలుపు ‘మూవ్’ అను సూచికను కెమెరాలు సాధారణముగా చిత్రీకరణము ముగిసిన పిమ్మట వ్రాయును. నడుమ బ్యాటరీ యుడిగెనేని, దృశ్యమంతయు కార్డులో నిక్షేపమై యుండియు, దానిని చేరు త్రోవ తెలుపు దిక్కుండదు. అదే కెమెరాతో తీసిన చక్కని ఫైలొకటి ఆదర్శముగా నుంచుకొని ఆ సూచికను పునర్నిర్మించు ఉపకరణములు కూడ కలవు. ప్రకృతము దూరమైనది, పాఠకులు సహింతురు గాక.

ప్రకృతమేమన, ఆ సూచికలోనే దృశ్యము ఏ పద్ధతిదో నాలుగక్షరములలో వ్రాసియుండును: హెచ్.264 అయిన సాధారణముగా ‘ఏవీసీ1’, హెచ్.265 అయిన ‘హెచ్‌వీసీ1’. యంత్రము దానిని చదివియే తనకు రాదని నిశ్చయించుకొనును. చదివినది దాచి, నేరమును ముగ్గురు అనుమానితులకు సమముగా పంచును. దిగువన ‘0ఎక్స్’తో మొదలగు షోడశాంశమానపు సంఖ్య యొకటి బీజాక్షరములవలె వెలయును, ఋషి యెవరో, ఛందస్సేదో, దేవత యెవరో తెలియదు, వినియోగము మాత్రము గూగులున వెదకుట. మరల తాళి కట్టించుకొన్న ఘట్టము పోయినదేమో యని మా పిన్నిగారు సాయంకాలమంతయు కంట తడిపెట్టుచునే యుండిరి. ఫైలునకేమియు కాలేదు. ఆ కుదింపును విప్పు డీకోడరు యంత్రమున లేదు, అంతే.

తాత్పర్యము: ‘నా యొద్ద హెచ్.265 డీకోడరు లేదు.’

1996లో ఫ్రాన్సున ఎకోల్ సెంట్రాల్ విద్యార్థులు ఆరంభించిన పనినుండి పుట్టిన వీఎల్‌సీ ప్లేయరు, డీకోడర్లను తనతోనే తెచ్చుకొనును గాన, ఆ ఫైలు దానిలో వెంటనే ఆడినది. టూల్స్‌లోని కోడెక్ ఇన్ఫర్మేషను నొక్కగా పద్ధతి పేరును కనబడినది. సందేశములు కూర్చు విద్వాంసులకు మనవి: ఆ పేరొక్కటి మీరును తెరపై వ్రాయుడు, ఫైలు చెడినదన్న మాట చెడినప్పుడు చెప్పుడు.