పిన్నీసు పోటు

మా కారుకి పంతొమ్మిదేళ్లు. మా ఆవిడ దాన్ని "మీ పెద్దాడు" అంటుంది, పెట్టిన ఖర్చు లెక్కేసి కాబోలు. పేరుకి టర్బో. మొన్న జనవరిలో మిసిసాగాలో మైనస్ 18 ఉన్న పొద్దున, 401 హైవే ఎక్కే ర్యాంపు మీద యాక్సిలరేటర్ అడుగంటా తొక్కితే, సంక్రాంతి అరిసెలు అరగని మామయ్యలా ఆయాసపడింది. వెనకాల ట్రక్కువాడి హారన్‌తో కెనడా వాళ్ల మర్యాద మీద నాకున్న నమ్మకం కాస్త సడలింది.

టర్బో సంగతి సులువే. ఇంజన్ వదిలే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది, దాని జోడీ చక్రం గాలిని ఇంజన్లోకి తోస్తుంది. 1905లో స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూషి పేటెంటుకెక్కించిన ఉపాయం. గాలి మరీ ఎక్కువ తోయకుండా పొగను పక్కదారి పట్టించే తలుపు ఒకటుంటుంది, వేస్ట్‌గేట్ అని. ఆ తలుపు మీద పెత్తనం అగ్గిపెట్టెంత సోలినాయిడ్‌ది. దానికి కరెంటు అందకపోతే తలుపు తొందరపడి తెరుచుకుంటుంది. టర్బో ఉన్నా లేనట్టే.

స్కానర్ పెడితే పీ0243 అంది. వేస్ట్‌గేట్ సోలినాయిడ్ సర్క్యూట్లో లోపమట. సోలినాయిడ్ పోయిందని అది ఎక్కడా అనలేదు. నేను మాత్రం 110 డాలర్లు పోసి కొత్తది తెచ్చి బిగించాను. మళ్లీ పీ0243. అప్పుడు పాతదానికి మీటరు పెట్టి చూశాను, 28 ఓమ్స్, లక్షణంగా ఉంది. (కొనకముందు చెయ్యాల్సిన పని.) ఫ్యూజు బాగుంది. ప్లగ్గు ఊడదీసి చూస్తే 12.4 వోల్టులు. ఇంకేం, పోయింది కంప్యూటరేనని తేల్చి, దాని ధర వెతుకుతుంటే నాన్న వీడియో కాల్.

ఆయన తెనాలి దగ్గర ముప్పయ్యేళ్లు పంపుసెట్ మోటార్లు బాగుచేశారు. టర్బో మొహం చూడలేదు. అంతా విని, "బల్బు పెట్టి చూశావా?" అన్నారు.

"మీటరు పన్నెండు చూపిస్తోంది కదా నాన్నా."

"మీటరు మంచినీళ్లు కూడా ముట్టని చుట్టంరా. బల్బయితే భోజనానికి కూర్చుంటుంది. ఇంట్లో బియ్యం ఉన్నాయో లేదో అప్పుడు తెలుస్తుంది."

ఇండికేటర్ బల్బు ఒకటి పీకి, ఒక తీగ ప్లగ్గుకీ ఇంకోటి బ్యాటరీ నెగటివ్‌కీ తగిలించాను. మా ఊళ్లో సాయంత్రం ఏడింటి లో వోల్టేజి కళ్లముందుకొచ్చింది. ఫిలమెంటు ఎర్రగా, వెలగనా మాననా అంటోంది. బల్బు ఉండగానే మీటరు పెడితే 3 వోల్టులు.

తీగ పట్టుకుని వెనక్కి వెళ్లాను. బ్యాటరీ ట్రే కింద ఒకచోట ఉబ్బి మెత్తగా ఉంది. చీరితే రాగి లేదు, పచ్చటి పొడి. మిగిలింది ఒక్క పోగు. మీటరుకి కావలసిన చిటికెడు కరెంటుకి అది చాలు, సోలినాయిడ్‌కి చాలదు. ఆవకాయ కలిపినట్టు రోడ్ల మీద ఉప్పు చల్లే ఒంటారియోని కడుపారా తిట్టుకున్నాను. ఇంతకీ ఉప్పునీరు తొడుగు దాటి లోపలికి ఎలా దూరింది? భూతద్దం పెడితే సన్నటి చిల్లు కనిపించింది, గుండ్రంగా.

నిరుడు ఇంకేదో రిపేరుకి, ఆ తీగలో కరెంటుందో లేదో చూడ్డానికి మా ఆవిడ చీర పిన్నీసు గుచ్చింది నేనే.

రెండంగుళాల తీగ, కాస్త టంకం, హీట్‌ష్రింక్ గొట్టం. రెండు డాలర్లు కూడా కాలేదు. మర్నాడు ర్యాంపు మీద ట్రక్కే నా వెనకపడింది. పిన్నీసు సంగతి నాన్నకి చెప్పలేదు. మీకు చెబుతున్నాను: తీగకి చిల్లు పెట్టకండి, ప్లగ్గు వెనక నుంచి ప్రోబు దూర్చి చూసుకోండి.