దారి పక్క చింతలు

నేను చిత్తూరు జిల్లాలో, రోడ్డు పక్కన ఓ చింతచెట్టు మీద పుట్టిన కోతిని. నడినెత్తిన సుడి, అక్కణ్ణుంచి చుట్టూ విచ్చుకుని టోపీలా కూర్చున్న జుట్టు, ఒంటికన్నా పొడుగు తోక మా జాతి గుర్తులు. దక్షిణ భారతం దాటితే అడవుల్లో మేం ఎక్కడా కనిపించం. 1812లో ఎతియెన్ జెఫ్రాయ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త మమ్మల్ని శాస్త్రగ్రంథాలకెక్కించాడు. ఇప్పటి శాస్త్రనామం మకాకా రేడియాటా.

మాలో ఆడది పుట్టిన గుంపు విడిచిపోదు. గుంపులో అమ్మకున్న స్థానమే కూతురికీ వస్తుంది. ఎదిగిన మగవాళ్లలో చాలామంది వేరే గుంపు చూసుకుంటారు. మా మగవాళ్లు ఒకరి పక్కన ఒకరు కూర్చుని పేలు చూసుకుంటారు, కౌగిలించుకుంటారు. మా దగ్గరి జాతుల మగవాళ్లలో ఇంత పొత్తు అరుదు. నాకది గర్వం.

ఆ చెట్టు మమ్మల్ని ఏడాది పొడుగునా సాకింది. చిగురు, పూత, ఒగరు కాయ, ఆపైన పండు. పండు దొరికితే అక్కడే నమలం. దవడ సంచుల్లో కుక్కుకుని పైకొమ్మ చేరతాం. అక్కడ చేతి వెనకవైపుతో చెంప నొక్కి, ఒక్కో ముక్కే నోట్లోకి తెచ్చుకుని తింటాం. రాత్రి చిటారుకొమ్మల్లోనే నిద్ర, చిరుతపులి బరువుకు అవి ఆగవు గనక.

రోడ్డు వెడల్పు చేస్తూ ఆ చింతల వరసంతా కొట్టేశారు. మా ఒక్కరికే కాదు ఈ కష్టం. మైసూరు చుట్టుపక్కల దారుల్లో 1989 నుంచి 2009 దాకా లెక్కగట్టిన పరిశోధకులు, మర్రిచెట్లు పోయినచోట మావాళ్లు బాగా తగ్గిపోయారని రాశారు. ఉత్తరం నుంచి పొట్టితోక, ఎర్రమూతి కోతులు గోదావరి దాటి దిగి వస్తున్నాయి. అవి వచ్చిన చోట మాకు తావు చిక్కదు. ఊళ్లో కనబడుతున్నాం కాబట్టి ఎక్కువైపోయామనుకుంటారు. అంతరించిపోయే జీవుల ప్రపంచ జాబితాలో మాత్రం మాది ముప్పులో ఉన్న జాతి.

ఇప్పుడు వేరుశనగ చేలల్లో దిగుతున్నాం. ఆ చేల రైతు కడుపుమంట న్యాయమైనదే. పోయిన వేసవిలో బోను పెట్టి మా చెల్లెల్ని పట్టుకెళ్లి ఎక్కడో వదిలేశారు. పుట్టిన గుంపే లోకమైన ఆడదానికి పరాయి అడవిలో పక్కన కూర్చునేవాళ్లుండరు. నా చంకలో పాలు తాగే కూతురుంది. కొత్త రోడ్డు నడిమధ్య గన్నేరు నాటారు. విషపు చెట్టు, చిగురు కూడా తినడానికి లేదు.